కడుపులో వెన్నెల

సందె వాలితే చాలు, గోదావరి పాయల నడుమ గువ్వలలంకలో పొలం గట్లు నీలంగా వెలిగేవి. వరి దుబ్బుల్లో ఒక వెలుగు పరుగెత్తేది, ఆగేది, ఏదో కొరికేది, మళ్ళీ పరుగెత్తేది. ఎలుకలండీ, అచ్చంగా పొలం ఎలుకలే! ఇరవై రెండో శతాబ్దపు పిల్లలకు అదేమీ వింత కాదు. ఎలుకంటే వెలిగేదే అనుకునేవారు వాళ్ళు.

ఆ వెలుగును తయారుచేసింది సుభాషిణి అనే శాస్త్రవేత్త. పూర్వం ఎలుకల పేగుల్లో బద్దెపురుగులున్నాయో లేదో తెలియాలంటే వాటిని బోనులో పట్టి, పెంటికలు ఏరి, నీళ్ళలో కలిపి, మైక్రోస్కోపు కింద పురుగు గుడ్ల కోసం వెతికేవారు. సుభాషిణి ఒక దీప్తి ప్రోటీన్ కనిపెట్టి వడ్లకు పట్టించింది. అవే మిణుగురు గింజలు. వాటిని పొలం గట్ల మీద చల్లించేది. ఎలుక తిన్న గింజ అరిగిపోతుంది, ప్రోటీన్ మాత్రం కడుపులోని పురుగు చర్మానికి అంటుకుని వెలుగుతుంది. పురుగు లేని కడుపు చీకటిగానే ఉంటుంది. వెలిగే ఎలుక ముందు ఆమె డ్రోన్ మందు గింజ జారవిడిచేది, మర్నాటికి ఆ వెలుగు ఆరిపోయేది. డ్రోన్ పేరు గూబ. అది మాట్లాడుతుంది కూడా. ఆ పేరు విని ఊళ్ళోవాళ్ళు మొదట్లో జడుసుకున్నారు, తర్వాత అలవాటు పడిపోయారు.

అంతా బాగానే ఉంది గానీ, అంత చదువుకున్న మనిషీ ఒక సంగతి మరిచింది. ఎలుక దొరికిందంతా తినదు, కన్నంలో దాచుకుంటుంది. కోతలయ్యాక లంక ఆడవాళ్ళు ఆ కన్నాలు తవ్వి, దొరికిన వడ్లు దంచి, బెల్లం కలిపి పచ్చి చలిమిడి చేసి ఇంటింటికీ పంచుతారు. ఆ వడ్లతో మిణుగురు గింజలూ వచ్చాయి, బద్దెపురుగు పిల్లల్ని మోసే పెంకుపురుగులూ వచ్చాయి. ఇంకేముంది!

మొదట వెలిగింది గంగులమ్మ మనవరాలు ముత్యాలు. గౌను కింద పిల్ల పొట్ట లేత నీలంగా మెరుస్తుంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. సుభాషిణి పరుగున వెళ్ళి మాత్ర చేతిలో పెట్టింది.

"ఇప్పుడే వేయి గంగులమ్మా. ఒక్క మాత్రతో పోతుంది."

"ఏస్తానండి డాట్రమ్మగారూ, ఈ ఒక్క పొద్దూ ఉండనియ్యండి. ఎంత ముద్దుగా ఉందో సూడండి! మా ఇంట్లో సెందమావ దిగినట్టుందండి."

ఒక్క పొద్దు కాస్తా ఎన్నో పొద్దులయింది. ఈలోగా మరికొన్ని ఇళ్ళలోనూ పొట్టలు వెలిగాయి, వాళ్ళకూ మాత్రలిచ్చింది సుభాషిణి. అవతలి ఒడ్డు నుంచి పడవల మీద జనం వచ్చి చూసి వెళ్ళేవారు. వెలగని ఇళ్ళవాళ్ళు మొహాలు వేలాడేసుకుని, "మాకూ రెండు గింజలు ఇప్పించండమ్మా," అని సుభాషిణి గుమ్మంలో నిలబడేవారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అది రోగమర్రా! పురుగు! ఆ పిల్ల తిన్నదంతా అదే తింటోంది!" అని నెత్తీ నోరూ బాదుకుంది. విన్నవాళ్ళు తలలూపి, చీకటి పడుతోందని ముత్యాలును చూడడానికి బయలుదేరారు.

"మాత్ర వేసుకున్నవాళ్ళు ఎంతమంది?" అని ఆమె అడిగితే, "ఒక్కరూ లేరండీ," అంది గూబ.

పిల్ల రోజురోజుకూ చిక్కిపోయింది. చివరికి కాలవ రేవులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది. గంగులమ్మ గుండెలు బాదుకుంటూ పిల్లను ఎత్తుకొచ్చి, సుభాషిణి కళ్ళముందే మాత్ర మింగించింది. మర్నాటికి వెలుగు ఆరింది. ముత్యాలు ఖాళీ పొట్టను తడుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సుభాషిణికి జాలేసింది, కానీ గండం గడిచిందని ప్రాణం కుదుటపడింది.

ఒక సందెవేళ ఆమె పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. ముత్యాలు జామకాయ కొరుకుతూ వచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. వచ్చినదల్లా కొరకడం ఆపేసింది.

"డాట్రమ్మగారండీ, నాది మీ దగ్గిరికొచ్చేసిందా?"

సుభాషిణి తల వంచి చూసుకుంది. చీర కుచ్చిళ్ళ మీదుగా నీలపు వెలుగు, మంచులో తెల్లవారినట్టు మెల్లగా కదులుతోంది. ఆ చలిమిడి ఆమె ఇంటికీ వచ్చింది మరి. భయపడాలని తెలుసు. భయం వేయలేదు. ఇన్నేళ్ళూ వెలుగులు చూస్తూ బతికింది గానీ, తన ఒంట్లో ఏదైనా వెలుగుతుందని ఎన్నడూ అనుకోలేదు. అబ్బ, ఎంత బాగుందీ! కళ్ళు చెమర్చాయి.

"మాత్ర మీ బల్ల మీదే ఉందండీ. తీసుకురానా?" అంది గూబ.

సుభాషిణి పిల్ల వైపు చూసింది. పిల్ల ఆశగా ఆ వెలుగు వైపే చూస్తోంది.

"ముట్టుకోనాండీ?"

"ముట్టుకో. మీ మామ్మకి మాత్రం చెప్పకేం," అంటూ సుభాషిణి చెంగు పక్కకు తీసింది. తర్వాత గొంతు తగ్గించి, "గూబా, నువ్వు కాస్త అటు తిరుగు," అంది.