తరోటా కాదు, కసివింద

ఆ ఆగస్టులో నాందేడ్‌లో వాన ఆగకుండా కురుస్తుండగానే రానభాజీల మేళా పెట్టారు. రానభాజీ అంటే మరాఠీలో అడవి ఆకుకూర. కైలాశ్ తన సంస్థ స్టాల్ దగ్గర ఆడవాళ్ళను నిలబెట్టుకుని తరోటా కూర ఎంత మంచిదో చెప్తున్నాడు. తడిసిన చున్నీ పిండుకుంటూ ఒకమ్మాయి లోపలికొచ్చింది. స్టాల్ మీది పోస్టర్ చూసింది. మరుక్షణం దాన్ని సర్రున లాగేసింది.

"ఏం చేస్తున్నరు మీరు?" అన్నాడు కైలాశ్.

"తరోటా అని రాసి కసివింద ఫోటో పెట్టిండ్రు. ఎవరి పని ఇది?"

"నాదే. నేనే తీసిన ఆ ఫోటో. నేను అగ్రికల్చర్ చదివిన, మేడం."

"నేను జూనియర్ కాలేజీల బాటనీ చెప్త. చదివితె సరిపోదు, సార్. చూసుడు రావాలె."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కైలాశ్ చెవులు మండిపోయాయి.

"పసుప్పచ్చ పువ్వు, అయిదు రెక్కలు. తరోటా కాకుంటె మరేంది?"

"తంగేడుకు గూడ పసుప్పచ్చ పువ్వే. రేపు దాన్ని గూడ వండుమంటవా?"

ఆమె నోట 'మీరు' పోయి 'నువ్వు' అయింది అక్కడే. ఇద్దరూ మళ్ళీ 'మీరు' జోలికి పోలేదు.

"పోస్టర్ ఇటియ్యి."

"ఇయ్య."

"అది మా సంస్థది."

"అయితె మీ సంస్థనే అచ్చి అడుగుమను. నా పేరు ప్రతీక్ష. కాలేజీ స్టేషన్ రోడ్ల ఉంటది."

పోస్టర్‌ను చుట్టి చంకలో పెట్టుకుని వానలోకి నడిచింది. ఛత్రీ కూడా తెరవలేదు.

సాయంత్రం కైలాశ్ కోపంతోనే గోదావరి గట్టుకు పోయాడు. ఆమె తప్పని నిరూపించి, మళ్ళీ ఫోటో తీసి ఆమె ముఖాన కొట్టాలని. గట్టు మీద రెండు మొక్కలూ పక్కపక్కనే ఉన్నాయి, పువ్వులు చూస్తే తోబుట్టువుల్లా. వంగి ఆకులు చూశాడు. ఒకదాని ఈనెకు మూడు జతల చిన్నాకులు, కొసలు గుండ్రం. అది తరోటా. రెండోదానికి అయిదు జతలు, కొసలు సూదుల్లా. అది కసివింద. అతను ఫోటో తీసింది ఈ రెండోదాన్నే.

ఆమె చెప్పింది బరాబరే. దాంతో అతని కోపం రెట్టింపయింది.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు, తిడుతున్నట్టుగా.

"తెలుసు."

"ఆ ఫోటోతోనే పాంప్లెట్లు గూడ పంచినం. కర్ఖేలి దిక్కు. వాపస్ తేనీకె పోతున్న."

ప్రతీక్ష ముఖం తెల్లబోయింది. వెంటనే ఎర్రబడింది. "కర్ఖేలిలనా? మా ఊరది. ఆగు, నేను అస్త."

"నేను చూసుకుంట గదా."

"నువ్వు చూసుకుంటెనే గదా గీ కొంప మునిగింది. నీ మీద నాకు నమ్మకం లేదు."

బైక్ మీద ధర్మాబాద్ రోడ్డంతా వాదనే. మెల్లగా పొమ్మంటే వానొస్తుందని అతను, గట్టిగా పోతే గుంటలున్నాయని ఆమె. చివరికి వానా వచ్చింది, గుంటలో కూడా పడ్డారు. ఇద్దరి బట్టలకూ ఒకే బురద.

"చూసినవా?" అంది ఆమె.

"చూసిన. ఇంక అనకు."

కర్ఖేలిలో కైలాశ్ ప్రతి గడపా ఎక్కాడు. తప్పును ప్రెస్సువాళ్ళ మీదో, ఆఫీసు మీదో నెట్టేస్తాడని ప్రతీక్ష కనిపెట్టుకునే ఉంది. అతను నెట్టలేదు. "ఫోటో నేనే తప్పు పెట్టిన. దీన్ని చూసి ఆకు తెంపకుండ్రి. పిల్లలను ఈ కాయల దగ్గరికి పోనియ్యకుండ్రి" అని ఇంటింటికీ అదే మాట చెప్పాడు. ముత్తెమ్మ అనే ముసలామె అతన్ని పావుగంట తిట్టింది. తలవంచుకుని వింటూనే నిలబడ్డాడు. ఆమె చేతిలోంచి కాగితం తీసుకున్నాకే కదిలాడు.

చివరికి ప్రతీక్ష ఇల్లే మిగిలింది. ఆమె అక్క కోమల్ చాయ్ పెట్టింది. కోమల్ కూతురు మయూరి కైలాశ్ బురద చెప్పులు చూసి నవ్వింది.

"గీ పిల్లనే" అంది కోమల్ మెల్లగా. "పోయిన దీపావళి తర్వాత పొలం గట్టు మీద కసివింద పచ్చి కాయలు తిన్నది. ఒకటే వాంతులు. తెలివి తప్పింది. మెదడు జ్వరమన్నరు డాక్టర్లు. ఏం తిన్నదో మా చెల్లె గట్టు మీద ఎతికి పట్టుకొని పోతె గప్పుడు సమజైంది. పిల్ల దక్కింది."

కైలాశ్ గ్లాసు కింద పెట్టి వాకిట్లోకి పోయాడు. ప్రతీక్ష గోడవార, నిన్నటి పోస్టర్‌ను సంచిలోంచి తీసి ముక్కలు చేస్తోంది.

"నిన్ననే ఎందుకు చెప్పలే నాకు?" అన్నాడు, కోపంతోనే.

"చెప్తె జాలిపడుతుంటివి. నాకు నీ జాలి వద్దుండె. ఫోటో మారాలె, అంతే."

"జాలి కాదు. సిగ్గుతోని సచ్చేటోన్ని."

ఆమె ముక్కలు చేయడం ఆపింది. మొదటిసారి అతనివైపు కోపం లేకుండా చూసింది. అది ఎంతోసేపు నిలవలేదు. గోడ పక్కనున్న మొక్క చూపించి, "గిది తరోటా. దీని ఫోటో తీసుకో, మంచిగ" అంది.

కైలాశ్ వంగి చూశాడు. "పుస్తకాల లెక్క తీస్తె గిది అసలు తరోటా కాదు. దాని జాతే, వేరే రకం. తరోటాకు కింది రెండు జతల దగ్గర గూడ బొడిపెల లెక్క చిన్న చిన్న గ్రంథులుంటయి. దీనికి ఒక్క కింది జత దగ్గరనే ఉన్నది. రాత్రంత చదివిన."

ప్రతీక్ష కూడా వంగింది. ఇద్దరి తలలూ తగిలాయి. అతను చెప్పింది నిజమే.

"తినేటోళ్ళకు రెండూ ఒకటే" అంది మండిపోతూ. "దేని ఫోటో పెట్టినా నడుస్తది."

"బాటనీ మేడం అట్లనవచ్చునా?"

"నవ్వకు."

అప్పుడే కోమల్ తలుపులోంచి, "ఐతారం ఉమ్రి ఊరోళ్ళు అస్తున్నరు, ప్రతీక్షా. గీ బురద చీర అప్పటి దాకన్న ఉతుకు" అంది.

"చీర కాదు, డ్రెస్సు" అంది ప్రతీక్ష.

"ఉమ్రోళ్ళెవరు?" కైలాశ్ నవ్వు ఆగిపోయింది.

"పిల్లను చూస్తానికి."

"ఏ పిల్లను?"

"నన్నే. ఇంకెవలను?"

"పొద్దటి సంది నా బండి మీద అచ్చినవ్. ఒక్క మాట చెప్పలే."

"నీకెందుకు చెప్పాలె?"

"ఎందుకంటె..." అని ఆగిపోయాడు. ముఖమంతా ఎర్రబడింది. "నువ్వు ఇట్లనే చేస్తవ్. ఏదీ ముందుగల చెప్పవు."

"నువ్వు సగం మాటనే చెప్తవ్. ఎందుకంటె, ఏంది?"

అరుగు మీద పడుకున్న ప్రతీక్ష తండ్రి మారోతి లేచి కూర్చున్నాడు. వాళ్ళ కొట్లాట మొదటి నుంచీ ఆయన వింటూనే ఉన్నాడు.

"కోమల్, ఉమ్రోళ్ళకు ఫోన్ చెయ్యి బిడ్డా. రావద్దను."

"నన్ను అడగకుంటనే?" ప్రతీక్ష తండ్రి మీదికి తిరిగింది.

"అడుగుతున్న. చెప్పు."

ఆమె చిర్రున కైలాశ్‌ను చూపించి, "ముందుగాల ఆయనను అడుగు, బాపు. ఇంక మాట పూర్తి చెయ్యలే" అంది.

కైలాశ్ మారోతి వైపు చూడలేదు. ఆమెనే చూశాడు.

"నువ్వు వేరేటోని మీద కోపం చేస్తె నేను ఓర్వ. అందుకే" అన్నాడు. "ఇప్పుడు పూర్తి అయ్యిందా?"

"అయ్యింది" అంది ప్రతీక్ష. ఆ ఒక్క మాటలోనే కోపం లేదు.