తొంభై ఎనిమిది డిగ్రీల కంప్యూటర్

పచ్చగీత సగం దాకా పాకింది. ప్రియదర్శిని ఊపిరి బిగబట్టి చూస్తోంది. వీడియో మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడానికి ఇంకా సగమే ఉంది. అంతలో కంప్యూటర్ టప్పున ఆగిపోయింది.

"మళ్లీ బంద్ అయిపోయిందే," అంది ఏడుపు గొంతుతో.

పొద్దుటి నుంచీ ఇదే వరస. రేపే స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. మహానది పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా తను గీసిన బొమ్మలన్నిటితో ప్రియదర్శిని ఒక వీడియో చేసింది. అది ఈ కంప్యూటర్లోంచి బయటికి రాకపోతే రేపు టీచర్ ముందు ఉత్త చేతులతో నిలబడాలి.

పక్కింటి రేచల్ కుర్చీ ముందుకు జరుపుకుంది. రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్ వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆ వరస క్వార్టర్లన్నిటికీ ఆరో తరగతి రేచలే డాక్టరమ్మ. వాళ్లమ్మ హన్నా ఆసుపత్రిలో నర్సు. హన్నా జబ్బుల గురించి ఆచితూచి మాట్లాడుతుంది. రేచల్‌కు ఆ ఇబ్బంది లేదు. ఎవరు తుమ్మినా మందు చెప్పేస్తుంది. ఒకసారి పాలవాడి గేదెకు కూడా చెప్పింది. పాలవాడు వినిపించుకోలేదు కాబట్టి గేదె బాగానే ఉంది.

ప్రియదర్శిని మళ్లీ బటన్ నొక్కింది. ఈసారి నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ప్రాసెసర్ వేడెక్కింది, సెటప్‌లోకి వెళ్లి చూసుకోండి అని వాటి సారాంశం. లోపలికి వెళ్లి చూస్తే ఒక చోట ప్రాసెసర్ టెంపరేచర్ అని ఉంది. పక్కన తొంభై ఎనిమిది.

"ప్రాసెసర్ అంటే ఏంటి?" అడిగింది రేచల్.

"కంప్యూటర్‌కి బుర్ర లాంటిదంట. మా నాన్న చెప్పారు."

"టెంపరేచరే కదా, నాకొదిలెయ్. నైన్టీ ఎయిట్ అంటే నార్మల్. జ్వరం లేదు."

"మరి వేడెక్కిందని అదే రాస్తోందిగా?"

"పేషెంట్లు అలాగే అంటారు. మనం థర్మామీటర్నే నమ్మాలి," అంది రేచల్ చేతులు కట్టుకుని.

ప్రియదర్శిని కంప్యూటర్ డబ్బా వైపు అనుమానంగా చూసింది. వాళ్లమ్మ గంగాభవాని ఇంట్లో కవర్ లేని వస్తువు లేదు. టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా కుచ్చుల కవర్ కుట్టింది. కంప్యూటర్ డబ్బాకు కుట్టిన పూల కవరైతే నాలుగు వైపులా నేల దాకా వేలాడుతోంది.

"పోనీ ఈ కవర్ తీసి చూద్దామా?"

"డిసెంబర్లోనా? చలి కొట్టెయ్యదూ? కాసేపు రెస్ట్ ఇద్దాం పద."

ఆ తెరను అలాగే ఉంచి కంప్యూటర్‌కు విశ్రాంతి ఇచ్చి, ఇద్దరూ పెరట్లో కూర్చుని జామకాయలు తిన్నారు. తిరిగి వచ్చి చూస్తే టెంపరేచర్ ఎనభై ఎనిమిదికి దిగింది. రేచల్ గుండె కూడా దిగింది.

"బాబోయ్, ఎనభై ఎనిమిది. మనిషైతే ఈపాటికి ఐసీయూలో వేసేవాళ్లు. ఒళ్లు చల్లబడిపోతోందే. జల్దీ, దుప్పటి తే."

ప్రియదర్శిని పరుగెత్తి మందపాటి ఊలు దుప్పటి తెచ్చింది. కప్పుతూ డబ్బా మీద చెయ్యి వేసింది. "వేడిగానే ఉందే?"

"లోపలి చలి పైకి తెలీదు," అంది డాక్టరమ్మ. దుప్పటి అంచులు నాలుగు వైపులా జాగ్రత్తగా దోపింది.

తర్వాత వీడియో మళ్లీ కాపీ చెయ్యబోయారు. పచ్చగీత ఇంకా మొదలే కాలేదు. ఇస్త్రీ పెట్టె వాసన లాంటిది వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. ఈసారి బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడే గంగాభవాని కూరగాయల సంచీతో లోపలికి వచ్చింది.

"ఎవర్ని పడుకోబెట్టినారే అక్కడ?" అంది దుప్పటి వంక చూసి.

ఆగిపోయిన కంప్యూటర్ వైపు ప్రియదర్శిని వేలు చూపించింది. ఆవిడా బటన్ నొక్కి చూసింది. ముఖం ఎర్రబడింది. "ఏటే ప్రియా, ఆటలాడి ఆడి పాడు సేసేసినావు కదా. మీ నాన్న రానీ, దీన్ని అటకెక్కించెయ్యమంటాను. ఇంక నీకు కంప్యూటర్ బంద్. ఖతం."

ప్రియదర్శిని రేచల్ వైపు చూసింది. రేచల్ గుమ్మం దగ్గరున్న తన చెప్పుల వైపు చూసుకుంది.

"మా అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసుంటుంది ఆంటీ," అని మెల్లగా జారుకుంది.

ఇంట్లో హన్నా స్టవ్ మీద టీకి నీళ్లు పెడుతోంది. రేచల్ కాసేపు అటూ ఇటూ తిరిగింది.

"అమ్మా, టెంపరేచర్ నైన్టీ ఎయిట్ ఉంటే నార్మలే కదా?"

"దేంట్లో నైన్టీ ఎయిట్?"

"దేంట్లో అంటే?"

"మన థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో చూపిస్తుంది. సెల్సియస్‌లో చూస్తే ఒంటి వేడి ముప్పై ఏడే ఉంటుంది. ఏ కొలతో చూడకుండా అంకె ఒక్కటే చదివితే కొంప మునుగుతుంది."

"మరి సెల్సియస్‌లోనే నైన్టీ ఎయిట్ ఉంటే?"

హన్నా గిన్నె వైపు చూపించింది. నీళ్లు అడుగు నుంచి బుడగలు తేలుస్తున్నాయి. "ఇదిగో, ఇలా. ఇంకాస్తయితే మరుగుతాయి."

రేచల్ గిన్నెలోకి వంగి చూసింది. "కంప్యూటర్లని దేంట్లో కొలుస్తారు?"

"నాకు తెలీదే. తెలిసినవాళ్లని అడగాలి," అంది హన్నా, టీ పొడి వేస్తూ.

కానీ రేచల్‌కు గుర్తొచ్చింది. తొంభై ఎనిమిది పక్కన చిన్న సున్నా, దాని పక్కన సి అక్షరం ఉన్నాయి. చూసింది కానీ పట్టించుకోలేదు. అంటే ఎనభై ఎనిమిది కూడా సెల్సియసే. అంత వేడి మీద తను దుప్పటి కప్పించింది.

పక్కింట్లోంచి గంగాభవాని కేకలు వినిపిస్తున్నాయి. ప్రియదర్శిని గొంతు మాత్రం వినిపించడం లేదు. ప్రియ తన పేరు చెప్పి ఉంటే ఈపాటికి ఆంటీ ఇటే వచ్చేది. చెప్పలేదు. రేచల్‌కు చచ్చేంత సిగ్గేసింది. టీ తాగకుండానే బయల్దేరింది.

ప్రియదర్శిని నాన్న మోహనకృష్ణ అప్పుడే వర్క్‌షాప్ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. రేచల్ గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేసింది.

"ఆంటీ, ప్రియ ఏమీ పాడు చెయ్యలేదు. దుప్పటి నేనే కప్పించాను. కవర్ తీస్తానంటే నేనే వద్దన్నాను. జ్వరం లేదని కూడా నేనే చెప్పాను. నాకేమీ తెలీదు. తెలిసినట్టు చెప్పేశాను."

నవ్వు ఆపుకోబోతే మోహనకృష్ణ మీసాలు కదిలాయి.

"కంప్యూటర్‌కి జ్వరం సూసినావా? ఎంతున్నాది?"

"తొంభై ఎనిమిది అంకుల్. సెల్సియస్‌లో."

ఆయన నవ్వు ఆగిపోయింది. ముందు ప్లగ్ పీకాడు. తర్వాత దుప్పటి తీశాడు, పూల కవర్ తీశాడు. మరలు విప్పి పక్క రేకు తెరిచాడు. లోపల ఫ్యాన్ కనిపించలేదు. ఫ్యాన్ ఉండాల్సిన చోట బూడిద రంగు దుమ్ము పరుపులా మెత్తగా పేరుకుంది.

"దుమ్ము పడకూడదనే కదా కవర్ కుట్టినాను," అంది గంగాభవాని నొచ్చుకుంటూ.

"దుమ్ము ఎలాగో దూరిపోయింది భవానీ. గాలికే దారి లేకపోయింది," అన్నాడాయన.

మోహనకృష్ణ పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపాడు. రేచల్ టార్చి పట్టుకుంది. ప్రియదర్శిని తుమ్మింది. రేచల్ ఏ మందూ చెప్పలేదు. అంతా చల్లారాక బటన్ నొక్కితే ఫ్యాన్ గిర్రున తిరిగింది. టెంపరేచర్ నలభై ఆరు చూపించింది. మోహనకృష్ణ తలూపాడు. పచ్చగీత నెమ్మదిగా పాకి చివరి దాకా వచ్చింది. వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

ప్రియదర్శిని మోచేత్తో రేచల్‌ను పొడిచింది. "రేపు నా స్టాల్ దగ్గర నువ్వూ నిలబడాలి. కానీ నువ్వేం మాట్లాడకు."

రేచల్ బుద్ధిగా తలూపింది.

గంగాభవాని కొంగుతో కన్ను నలుపుకుంటోంది. "దుమ్మంతా నా కంట్లోనే పడినట్టున్నాది. మంటెత్తిపోతోంది. ఏ సుక్కలు ఏసుకోవాలో సెప్పవే, డాక్టరమ్మా."

ఒక చుక్కల మందు పేరు రేచల్ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"నాకు తెలీదు ఆంటీ. నలపకండి. అమ్మని పిలుచుకొస్తా."

గంగాభవాని నలపడం ఆపింది. ఒంటి కన్నుతో రేచల్‌ను ఎగాదిగా చూసింది. దగ్గరికి వచ్చి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, ఈ పిల్లకి ఒంట్లో బాగున్నట్టు లేదు," అంది కంగారుగా.

రేచల్ ఆ చెయ్యి తప్పించుకుని అప్పటికే గుమ్మం దాటింది. "అమ్మా, ఒకసారి రావా, ఆంటీ కన్ను చూడాలి," అని ఆమె గొంతు పక్కింట్లోంచి వినిపించింది.