కంకరకూ సంపుకూ నడుమ

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఆ నాలుగంతస్తుల బిల్డింగు సెల్లార్లోకి చీకటి పడ్డాక ఎవరూ దిగరు. బండి తీయాలన్నా ఇద్దరేసి పోతారు. మూలుగు వినబడుతుందట... అదీ గచ్చు కింద నుంచి!

నాకిది సృజన్ చెప్పాడు. ఆ బిల్డింగుకు పునాదులు డిజైన్ చేసిన ఇంజనీరు. దెయ్యమంటే పడీపడీ నవ్వే రకం. ఓనరు పోరు పడలేక, మొన్న వానాకాలంలో ఓ రాత్రి టార్చి పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు.

మెట్లు దిగాడు. లైటు వెలగలేదు. పదకొండు దాటింది...

"ఊఁ... ఊఁ..."

టార్చి తిప్పితే — మూల స్తంభం దగ్గర ఓ ఆడమనిషి, వంగి, చెంబుతో నేలమీద నీళ్ళు పోస్తోంది!

"ఎ... ఎవరు?"

"నేనే సారూ, యాదమ్మను... మెల్లగ మాట్లాడున్రి. ఆయన లేచిండు."

వాచ్‌మన్ పాండు భార్య. పాండు కిందటేడు పోయాడు. ఇప్పుడు కాపలా ఆమెదే, పడక కూడా ఆ సెల్లార్ గదిలోనే.

"దవాఖానల ఆఖరుకు నీళ్ళడిగిండు సారూ. డాక్టర్లు ఇయ్యొద్దన్నరు... నేను ఇయ్యలే. దూప తీరక వస్తుండు. రోజూ చెంబెడు పోస్త. అయినా ఊకుంటలేడు."

సృజన్ వంగి చూశాడు. గచ్చు పగిలి ఉంది. ఆ సందులోంచి గాలి తన్నుకొస్తోంది... వెనకే నీళ్ళు. ఆమె పోసినవి కావు — కింద నుంచి వస్తున్నవి.

పక్కనున్న వాటర్ ప్లాంటు బోరు పగలంతా తోడుతుంది, రాత్రికి ఆగుతుంది. అప్పుడు భూమిలో నీరు లేచి గచ్చునూ, దాని కింది గాలినీ పైకి నెడుతుంది. అదీ మూలుగు. ఆ నీళ్ళు పోవడానికి సంపు కట్టారు కదా... పరుగున వెళ్ళి మూత ఎత్తాడు. చుక్క నీరు లేదు. కొత్త పంపుకు చుట్టిన కవరు కూడా అలాగే ఉంది.

అక్కడి నుంచే ఒకతనికి ఫోన్ చేశాడు.

"అన్నా, సంపు నేను గీసిన. గచ్చు కింద నీళ్ళు పట్టే కంకర నువ్వు గీసినవ్. నడుమ పైపు ఎవరు గీసిన్రు?"

అవతల డ్రాయింగులు తిరగేస్తున్న చప్పుడు...

"నువ్వు గీసినవనుకున్న," అన్నాను నేను.

అవును, ఆ అన్నను నేనే, ఆ గచ్చు డిజైన్ చేసిన రాకేశ్‌ను. ఇద్దరి డ్రాయింగుల్లోనూ ఆ చోట ఒకటే ముక్క — 'ఇది ఇతరుల పని'. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఉన్నది ఇద్దరమే, చెరో గంపెడు వచ్చింది. సిగ్గుతో ఆ రాత్రంతా నిద్రపోలేదు.

యాదమ్మను వెంటనే పై గదికి మార్చాం. గచ్చు కోయించి పైపు వేయించాం. నీళ్ళు సంపులో పడ్డాయి, మూలుగు ఆగింది.

ఆ రాత్రి మేం సెల్లార్లోనే ఉండి చూశాం. యాదమ్మ నిండు చెంబుతో వచ్చి కొత్త గచ్చు పక్కన కూర్చుంది. అర్ధరాత్రి దాటింది... ఏ చప్పుడూ లేదు.

"ఆయన కాదమ్మా," అన్నాను తల దించుకుని. "నీళ్ళకు తొవ్వ పెట్టలే. తప్పు మాది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెంబులోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"మీ తప్పు మీరు దిద్దుకున్నరు సారూ... మరి నాదెట్ల?"