లాలి బిగించిన సిలిండర్

తెల్లవారగానే లాలి వాకిట్లోని చిన్న ట్రాక్టర్ కిందికి తొంగి చూసింది. ముందు చక్రాల మధ్య నేల నల్లగా తడిసి ఉంది. స్టీరింగ్ సిలిండర్ నుంచి మళ్లీ ఆయిల్ కారింది. పానాల పెట్టె తెచ్చుకుని పక్కన కూర్చుంది.

పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన భర్త రాందాస్ అది చూసి ఆగిపోయాడు.

"దాన్ని ముట్టకు లాలీ. సాయంత్రం మధిర నుంచి ఒకాయన వస్తున్నడు. అమ్మేస్తున్న."

"ఎవర్నడిగి? బండి లేకపోతే మామిడితోట ఎట్ల దున్నాలె?"

"కౌలుకిద్దాం. కంపెనీ క్వార్టర్‌కు పోదాం."

"అది గూడ ఖాయం చేసినవా? నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"పొద్దుగాల్నే ఏం లొల్లి?" లోపలి నుంచి అత్త జంపక్క కేకేసింది.

పెళ్లికి ముందు తిరుమలాయపాలెంలో అన్న ధన్‌సింగ్ షెడ్డులో లాలి ఇలాంటివి చాలా విప్పింది. ఇప్పుడు జాకీతో ముందు చక్రాలు పైకి లేపి, ఆయిల్ పైపులు ఊడదీసి, లోపలికి దుమ్ము పోకుండా వాటి మూతులకు కవర్లు కట్టింది. సిలిండర్ విప్పి కడిగి, లోపలి రాడ్ బయటికి లాగి, దాని పొడవునా గోరు నడిపింది. ఒకచోట గోరు తట్టింది.

"ఇగో, ఇది సూడు. ఈ గీత అంచు లేచి, ఆయిల్ ఆపే రబ్బరు సీలును కోస్తున్నది. సీలు మార్చినా గందుకే కారింది."

సన్న గరుకు కాగితంతో ఆ అంచును నునుపు చేసింది. తెచ్చిపెట్టుకున్న కొత్త సీళ్లకు ఆయిల్ రాసింది.

"మళ్లీ కారితే?" అన్నాడు రాందాస్.

"కారితే తాళంచెవి నేనే ఇస్త. నీ ఇష్టమొచ్చినోళ్లకు అమ్ముకో."

"నాకు కావాల్సింది తాళంచెవి గాదు లాలీ! మొన్న స్టీరింగ్ తిరగక బండి వాగులకు జారుతుంటే గట్టు మీదనుంచి సూసిన. నేను ఉరికొచ్చేసరికి నువ్వుంటవో ఉండవో అనుకున్న. కండ్లు మూస్తే అదే కనబడుతున్నది."

లాలి చేతులు ఆగిపోయాయి. ఆ రోజు అతను ఎంత అరిచాడో ఆమెకు గుర్తుంది.

"బండి పాడైందని తిట్టినవనుకున్న," అంది. కళ్లు నిండాయి. "నాకూ భయమైంది. ఏం చెడిందో తెల్వకపోతే ఇంకెప్పుడూ ఎక్కలేననిపించింది. ఈ పని నాకొచ్చు. నన్ను నమ్ము. అమ్ముడైనా, క్వార్టరైనా ఇద్దరం కూసొని మాట్లాడుకుందాం. గిట్ల ఒక్కనివే తేల్చెయ్యకు."

రాందాస్ మధిర మనిషికి ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. చొక్కా చేతులు మడిచి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం పట్టుకోవాలె, చెప్పు."

సీలుకు పెదవిలా ఉండే అంచు ఆయిల్ వైపు ఉండేలా ఆమె అమర్చింది, అతను రాడ్‌ను మెల్లగా లోపలికి నెట్టాడు. సిలిండర్ బిగించి, పైపులు కలిపి, ఇంజన్ పెట్టి, గాలి పోయేదాకా స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పారు. తగ్గిన ఆయిల్ నింపారు. కింద పరిచిన తెల్ల అట్ట మీద చుక్క పడలేదు.

జాకీ దించాక లాలి పక్కకు జరిగింది. "ఎక్కు. నువ్వే తోలు."

మామిడి వరుస చివర రాందాస్ జంకుతూ స్టీరింగ్ తిప్పాడు. చక్రాలు చెప్పినట్టు తిరిగాయి. తిరిగి వచ్చి లాలి ముందు ఆపాడు గానీ, దిగలేదు. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"ఇంకొక్క సాలు తోల్త."

"ఒక్కటే," అంది లాలి కొంగు నడుముకు దోపుతూ. "తర్వాత దిగాలె. తోటంతా నేను దున్నాలె."