ప్రేమయ్య గారి చప్పట్లు

"అది గంజాయి పాటల వాయింపు. ఆరాధనలో కుదరదు," అంది కృప.

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. ఆరేళ్ల కిందట, ఈ అరబ్బు దేశంలోని మహూజ్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం గురువారం ప్రాక్టీసులో గిటారు మీద రెగె అందుకున్నాను.

"దేవుణ్ణి తలుచుకుంటూ కూడా పాడతారండీ దాన్ని, జమైకాలో."

"సినిమాల్లో చూశాంలెండి! జడలు కట్టిన జుట్టు, బీచ్, తెరంతా పొగ. ఆ మ్యూజిక్ రాగానే కమెడియన్ తూలుతూ వస్తాడు."

"సినిమాల్లో చర్చి గంట మోగితే విలన్ వస్తాడు. మీరు చర్చి మానేశారా?"

నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇక నాకు వారమంటే గురువారమే.

సంగతి సంఘపెద్ద దాకా వెళ్లింది. ఆయనే కృప నాన్న, ప్రేమయ్య గారు.

"శుక్రవారం ఆరాధనలో వింటాను బాబూ. నచ్చకపోతే గిటారు ఇంట్లో పెట్టుకో."

గిటారు పోతే గురువారాలు పోతాయి. గురువారాలు పోతే కృప కనిపించదు.

ప్రేమయ్య గారికి ఒక అలవాటు. అందరి చప్పట్లూ ఒకచోట పడితే, ఆయనది ఒక్కటే మధ్య ఖాళీలో పడేది. పిల్లలు నవ్వేవారు. "నాన్నా, మెల్లగా!" అని కృప గొణిగేది.

ఆ శుక్రవారం నా తీగల్ని సరిగ్గా ఆయన చప్పట్లు పడేచోటే మీటాను. రెగెకి కావలసిన చోటు అదే. రెండో చరణానికి పిల్లల నవ్వు ఆగింది. మూడో చరణానికి హాలంతా ఆయన చప్పట్లలో కలిసింది. ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేటుతో నా పక్కన కూర్చున్నారు.

"ఇదేనా ఆ పొగ మ్యూజిక్?"

"అవునంకుల్."

"ఇరవై ఏళ్లుగా తప్పు కొడుతున్నాననే అన్నారందరూ." బిర్యానీ కలుపుతూ, "గురువారాలు గిటారు కోసమేనా వస్తున్నావు?" అన్నారు.

అబద్ధం చెప్పలేకపోయాను. "కాదంకుల్."

"తెలుసులే. నా తాళం తప్పుతుందేమో గానీ చూపు తప్పదు. మీ అమ్మానాన్నల్ని నాతో మాట్లాడమను."

మొన్న అద్లియాలో డ్యూటీ దిగి కృపతో కొత్త సినిమాకి వెళ్లాను. తెర మీద రెగె మొదలైంది. పొగ వచ్చింది. కమెడియన్ తూలుతూ వచ్చాడు. హాలంతా నవ్వింది.

కృప నవ్వలేదు. మామయ్య ప్రేమయ్య గారు మా మధ్య లేకుండా పోయి అప్పటికి ఏడాది. చీకట్లో మెల్లగా చప్పట్లు కొట్టింది, సరిగ్గా ఆ ఖాళీలో.

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఏవండీ, మీరూ కొట్టండి," అంది.

కొట్టాను.