తిప్పి చదువుకోవాల్సిన మీటరు

"ఈ తీగలకి చీటీలు కట్టిన మహానుభావులెవరండీ?"

జీపు లోపలినుంచి గొంతు వినిపించింది గానీ మనిషి కనిపించలేదు. తెరిచిన తలుపులోంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి.

"ఏం, బాగా లేవా?" అన్నాడు బయట నిలబడ్డ మాస్టారు.

"బాగా లేకపోవడమేమిటి, పిల్లల పుస్తకాలకి అట్టలేసి పేర్లు రాసినట్టున్నాయి! 'కుడి దీపం', 'ఎడమ దీపం'. హారన్ తీగకైతే 'పాపం, గొంతు బొంగురు' అని కూడా రాశారు. ఇంత తీరిక, ఇంత అతి తెలివి ఎవరికున్నాయా అని."

మాస్టారు జీపు మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"ఉన్నారులెండి. నాకు బాగా దగ్గరి మనిషి," అన్నాడతను.

ఆ కాళ్ళు గల అమ్మాయిని వాళ్ళ నాన్న 'ఫ్యూజు' అని పిలుస్తాడు. ఎప్పుడు ఎగిరిపోతుందో తెలియదని. నలభై ఏళ్ళు బళ్ళ కరెంటు పని చేసిన ఆయనకి ఇప్పుడు చూపు మసక. స్టూలు మీద కూర్చుని చెవులతోనే వర్క్‌షాపు నడిపిస్తాడు. చేతులు మాత్రం కూతురివి.

జీపు వయసు మాస్టారి వయసుతో సమానం. వాళ్ళ మావయ్య వాడి వాడి ఇచ్చింది. కొండ మీది బడికి అదే దిక్కు. స్పీడు ముల్లు కంపరమెత్తినట్టు వణుకుతుంది. ఇంజను వేడి చూపించే ముల్లు ఎప్పుడో పోయింది. మంచు పట్టిన రోజు వెనక్కి తీయాలంటే దేవుడి మీద భారం వేయాలి. అందుకని పాత డాష్‌బోర్డు తీసేసి, అన్నీ ఒకే తెర మీద కనిపించే డిజిటల్ మీటరు, వెనక కెమెరా పెట్టమన్నాడు. సామాను రావడానికి మూడు వారాలు పడుతుందని చెప్పిందామె.

ఆ మూడు వారాల్లో మాస్టారు అయిదుసార్లు వచ్చాడు. ఒకసారి హారన్ అన్నాడు, ఒకసారి వైపరన్నాడు. ఒకసారి ఏ రోగమూ లేకుండానే వచ్చి, "ఊరికే, ఇటు వెళ్తూ," అన్నాడు. ఆ వీధి చివర గోడ తప్ప ఏమీ లేదు.

నెమ్మదిగా మాట్లాడతాడు. ఆమె నాన్న చెప్పిన కథే మూడోసారి చెప్పినా కొత్తగా విన్నట్టే వింటాడు. రెండో వారానికి ఫ్యూజు చెవి వీధిలోకి వేసి పని చేయడం మొదలుపెట్టింది. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, మొహం మీది గ్రీజు తుడుచుకునేది. ఇంకాస్త పూసుకునేది.

కానీ డాష్‌బోర్డు కిందికి దూరిన ప్రతిసారీ ఆ చీటీలు ఎదురయ్యేవి. గుండ్రటి అక్షరాలు, ముచ్చటైన ఒత్తులు. ఇంత పొందికగా రాసే చెయ్యి ఆడపిల్లదే అని మొదటిరోజే తీర్మానించేసుకుంది. ఎవత్తో అతని పక్కన కూర్చుని, నవ్వుకుంటూ, "హారన్‌కి ఏం రాద్దాం?" అని అడిగి ఉంటుంది. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయేది.

"మీ దగ్గరి మనిషి వైపరు చూడలేదా?" అంది ఒకరోజు, స్పానరు తిప్పుతూ.

"ఆ మనిషికి వైపర్లు రావండి."

"చీటీలు మాత్రం వచ్చు."

"కాస్త ఓపిక ఎక్కువ."

"చూడ్డానికి ఎలా ఉంటారేమిటి?"

మాస్టారు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మామూలుగానే ఉంటారండి. ఫరవాలేదు."

ఫరవాలేదట! అందగత్తె అని చెప్పడానికి మొహమాటం కాబోలు. ఆవేళ ఆ నట్టు ఎంత బిగించిందంటే, అది మళ్ళీ ఊడాలంటే భూకంపం రావాలి.

మూడో శనివారం సామాను వచ్చింది. తీగ కోసే ముందు దాని సంగతి నోట్‌బుక్‌లో రాసుకోవడం ఆ వర్క్‌షాపు పద్ధతి. ఆమె నోట్‌బుక్ తీసింది, పెన్ను తీసింది, డాష్‌బోర్డు కింద పడుకుంది. మొహానికి జానెడు దూరంలో ఇరవై మూడు చీటీలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద మూడు వరసలు రాసి ఉంది. అంత రాయడానికి ఏముంటుంది? ప్రేమలేఖే అయ్యుంటుంది.

రంగులు చూస్తే తీగలు తెలియవా? ఆవిడగారు చెబితేగానీ నా పని నాకు రాదా? నోట్‌బుక్ మూసేసింది. కట్టరు తీసుకుని టకటకా ఇరవై మూడు చీటీలూ కోసి చెత్తబుట్టలో పడేసింది. ప్రాణం హాయిగా అనిపించింది.

సాయంత్రానికి కొత్త తెర వెలిగింది. స్పీడు, వేడి, వెనక కెమెరాలో గోడ మీది బల్లి కూడా స్పష్టంగా కనిపించాయి. పెట్రోలు సగం చూపించింది. టాంకులో ఉన్నదీ సగమే.

"చాలా బాగుందండి," అని మాస్టారు పిల్లాడిలా మురిసిపోయాడు. తర్వాత వంగి కిందికి చూశాడు. "ఆ చీటీలు...?"

"తీసేశాను. కొత్త సామానుకి పాత చీటీలెందుకు?"

అతని మొహం చిన్నబోయింది. "అంతేలెండి," అన్నాడు.

చూశావా, ఎంత ప్రేమో! ఆమె విసవిసా చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి మాస్టారు ఆమె నాన్న దగ్గర వంగి ఏదో మాట్లాడుతున్నాడు. ఆమెని చూడగానే తడబడి జీపెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన పడుతుండగా ఫోను మోగింది.

"ఆదివారం కదా అని, కొత్త తెర ముచ్చటకి నిన్నట్నుంచీ తిప్పుతూనే ఉన్నానండి. కొండ మలుపులో ఆగిపోయింది. మీటరేమో నిండుగా ఉందంటోంది. బండి మాత్రం కదలట్లేదు."

సగమున్న పెట్రోలు నడిపితే నిండుతుందా? ఫ్యూజుకి చదవని చీటీ గుర్తొచ్చింది. చెత్తబుట్ట బోర్లించి వెతికింది. మూడు వరసల చీటీ దొరికింది.

'పెట్రోలు మీటరు. టాంకు నిండితే ఖాళీ అంటుంది, ఖాళీ అయితే నిండుగా ఉందంటుంది. తిప్పి చదువుకోవాలి.'

సగం ఉన్నప్పుడు మాత్రం ఎటు తిప్పినా సగమే. అందుకే నిన్న ఆమెకి తెలియలేదు.

"ఏమైందే?" అన్నాడు నాన్న. ఆమె చెప్పింది.

"చదవకుండా ఎందుకు కోశావు?"

"చదవబుద్ధి కాలేదు."

నాన్న నవ్వు ఆపుకోవడం ఆమె చూడలేదు. "ఆ ముక్క అతనికే చెప్పు. తప్పు చేసినవాళ్ళం, కారణం దాచకూడదు."

పెట్రోలు డబ్బా స్కూటరు ముందు పెట్టుకుని బయల్దేరింది. దారంతా మనసు పరిపరివిధాల పోయింది. టాంకులో భాగం పాడైందని చెబితే సరిపోతుంది. అతనికేం తెలుస్తుంది? నిజం చెబితే ఇంకేమైనా ఉందా! వేరే అమ్మాయి అతన్ని ప్రేమిస్తోందని తెలిసీ, కుళ్ళుకుని చెడగొట్టిన మనిషిగా మిగిలిపోతుంది. మళ్ళీ ఆ వీధిలోకి అతను రాడు.

మలుపులో జీపు, పక్కన గొడుగుతో మాస్టారు. ఆమె దిగగానే తన గొడుగు ఆమె మీదికి జరిపి తను తడవడం మొదలుపెట్టాడు. అది చూసేసరికి అబద్ధం గొంతులోనే ఆగిపోయింది.

"తప్పు నాది. మీ ఆమె చీటీలో వివరంగా రాసింది. నేను చదవకుండా కోసేశాను."

"మా ఆమెవరండీ?"

"మీ దగ్గరి మనిషి. ఆ చీటీలావిడ."

"ఎందుకు చదవలేదు?"

"ఎందుకేమిటండీ! ఆ అక్షరాలు చూస్తేనే మంట నాకు. మీ బండిలో ఇంకొకత్తె చేతిరాత ఉండటం నేను భరించలేకపోయాను. నాకు మీరంటే ఇష్టం. ఇక చాలా? ఇప్పుడు తిట్టండి."

మాస్టారు తిట్టలేదు. గొడుగు పక్కకి వాలిపోయి ఇద్దరూ తడుస్తున్నా గమనించలేదు.

"ఆ రాత నాదండి."

"ఏ రాత?"

"చీటీల రాత. రెండేళ్ళ క్రితం పుస్తకం చూసి తీగలన్నీ నేనే మార్చుకున్నాను. బడిలో చార్టులు రాసీ రాసీ చేతికి ఆ గుండ్రం పట్టుకుంది. మొదటిరోజే 'ఈ అతి తెలివి ఎవరిది' అన్నారు మీరు. నాదేనండీ అని ఎలా చెప్పను?"

మూడు వారాలపాటు ఈ మనిషి మీద ఈ మనిషి కోసమే కుళ్ళుకున్నానని అర్థమై, ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆపైన కోపమొచ్చింది.

"మీటరు తిరగబడి చెబుతుందని మీకు ముందే తెలుసన్నమాట! నడిపేకొద్దీ పెట్రోలు పెరుగుతుంటే అనుమానం రాలేదా?"

"వచ్చింది. కానీ మీరు బిగించారు కదా, సరి చేసే ఉంటారనుకున్నాను. మీ పనిని అనుమానించబుద్ధి కాలేదు."

ఆమె తల వంచుకుని గబగబా పెట్రోలు పోసింది. జీపులో కూర్చుని కొత్త తెర సెట్టింగుల్లోకి వెళ్ళి రెండు మీటలు నొక్కింది. నిండుగా ఉన్న పెట్రోలు గీత సరసరా అడుగుకి దిగి, పోసిన ఆ కాస్త దగ్గర నిలబడింది. ఇంజను ఒక్క తిప్పుకి అందుకుంది. ఇద్దరిలో ఎవరూ బయల్దేరలేదు.

"మీ బడిలో టీచరమ్మలు ఎంతమంది?" అంది ఉన్నట్టుండి.

"నలుగురు."

"వాళ్ళ చార్టులు కూడా మీరే రాసిపెడతారా?"

"అడిగితే కాదనలేనండి."

"రోజూ అడుగుతారేమో పాపం, ఓపిక గల మాస్టారు కదా!"

మాస్టారు మొదటిసారి గట్టిగా నవ్వాడు. "ఒకసారి వచ్చి మీరే చూడండి."

"వచ్చి నేనెవరని చెప్పను?"

"మా ఆవిడ అని నేను చెప్తాను. మీరు సరేనంటే."

ఫ్యూజు స్టీరింగు పట్టుకుని ఎదుటి అద్దం మీద జారే వానకేసి చూసింది. "నాన్నని అడగాలి," అంది సన్నగా.

"నిన్ననే అడిగానండి, మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు."

"ఏమన్నారు?"

"దానికి కుళ్ళు ఎక్కువ, తట్టుకోగలవా బాబూ అన్నారు."

"మీరేమన్నారు?"

"మూడు వారాలుగా దానికోసమే వస్తున్నానన్నాను."