లాంపు రూం కిటికీ

చీకటి పడ్డాక తూర్పు బాయి లాంపు రూం వైపు వెళ్లే మగాడు బెల్లంపల్లిలో లేడు. బాయి అంటే నీళ్లది కాదు, బొగ్గు గని. మూతపడి ఆరేళ్లయింది. లోపల కప్పు కూలి చనిపోయినవాళ్లు రాత్రిళ్లు ఆ కిటికీ దగ్గరికొచ్చి దీపం అడుగుతారని పేరు. ముందు ఒక చెయ్యి కనిపిస్తుంది... తర్వాత రేకు మీద ‘టక్‌’మని చప్పుడు... అంతే! అది విన్న ఒకాయన మూడు రోజులు జ్వరంతో మూలిగాడు. ఆ రాత్రి ఎన్ని సీసాలు తాగాడో మాత్రం ఎవరికీ చెప్పడు.

గని నడిచిన రోజుల్లో దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిల్ల ఆ కిటికీలో ఇచ్చి దీపం తీసుకోవాలి. అక్కడ ముప్పై ఏళ్లు కూచున్నది సాంబయ్య. బిల్ల లేకపోతే మేనేజరుకైనా దీపం ఇచ్చేవాడు కాదు. అంత మొండి.

ఆ సాంబయ్య కూతురే అనసూర్య. ఆమె మొగుడు పోశం గనిలో నడుం దెబ్బతిని, ఆస్పత్రిలో వేసిన నొప్పి సూది మరిగాడు. తర్వాత తనే పొడుచుకోవడం మొదలుపెట్టాడు. పోయిన బతుకమ్మకు, ఏడాది పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, మానేశానని ఒట్టేశాడు.

“మానిండు బిడ్డా. నేను చూస్తున్న గద” అన్నాడు సాంబయ్య కూడా. మొగుడి మాటకు బాపు మాట తోడయ్యాక ఇంక అనుమానమేముంటుంది?

శుక్రవారం పొద్దున బూజు దులుపుతుంటే దూలం మీద గుడ్డలో చుట్టిన సూది దొరికింది. అనసూర్య దాన్ని తీసుకెళ్లి మండుతున్న బొగ్గుపొయ్యిలో పడేసింది.

పొద్దుగూకాక పోశం దూలమంతా తడిమాడు. ఏమీ అడగలేక బయటపడ్డాడు. పిల్లను పక్కింటి రామవ్వకు అప్పగించి అనసూర్య అతని వెనకే నడిచింది.

అతను తూర్పు బాయి దారి పట్టాడు...

కరెంటు లేదు. అనసూర్య గోడకు ఆనుకుని నక్కింది. కిటికీ ముందు ఇద్దరు — తలలకు తువ్వాళ్లు, నోట మాట లేదు. ముందువాడి చెయ్యి లోపలికి పోయింది.

టక్‌...

లోపలి నుంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి, ఏదో ఇచ్చి, మాయమైంది. ఆ వరసలో రెండోవాడు తన మొగుడు!

పోశం చెయ్యి చాచాడు. ఈసారి చప్పుడు లేదు.

“పాతదేది?” లోపలి నుంచి గుసగుస.

“దొర్కలే. ఒక్కటియ్యి మామా...”

మామా!

“పాతదిస్తెనే కొత్తది. రేపు తే.”

“రేపటిదాంక ఉండలేను...”

“బిల్ల లేంది దీపం లేదు.”

ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. పోశం తలొంచుకుని, ముందువాడి వెనకే గోడ మలుపు తిరిగాడు. అనసూర్య కిటికీ దగ్గరికి ఉరికింది. సన్నటి దీపం వెలుగులో తండ్రి, ముందు రేకు డబ్బా, దాన్నిండా వాడేసిన సూదులు.

“బాపూ! మానిండంటివి గద!”

“మెల్లగ బిడ్డా...”

“ఆయనంటే మొగడు. నువ్వు కన్నతండ్రివి! నా బిడ్డ మీది దొంగ ఒట్టుకు సాక్ష్యం చెప్తివా?”

“వాడిప్పట్ల మానడు. ఒక్క సూది నలుగురు పొడుసుకుంటున్రు. గట్లనే గా ఎయిడ్స్‌ అంటుకొని మన బస్తీ బాలమల్లు పాయె. మంచిర్యాల పోయి కొత్తవి తెస్తున్న. పాతవి నా చేతికొస్తె ఒగనిది ఒగడు వాడడు. రోగం నీ దాంక, పిల్ల దాంక రావద్దని... దయ్యం ముచ్చట గూడ నేనే పుట్టిచ్చిన, మంది రావద్దని.”

“నాతోని ఒక్క మాట చెప్తె ఏమాయె? గా సూది పొద్దుగాల పొయ్యిల ఏసిన నేను!”

సాంబయ్య కొత్త సూది ఒకటి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికాడు.

“పోశం! ఆగు కొడుకా... పాతదొద్దు, ఉత్తగనే తీస్కో!”

గోడ అవతల అగ్గిపుల్ల వెలిగింది. పోశం చొక్కా మోచేతి పైకి మడిచి ఉంది. పక్కవాడు తన సూదిని తువ్వాలుకు తుడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

“ఎవడు బాపూ వాడు?” అంది వెనకే ఉరికొచ్చిన అనసూర్య.

“బాలమల్లు దోస్తు... ఇద్దరు ఒక్క సూదే పొడుసుకునేటోళ్లు” అన్నాడు సాంబయ్య. కొత్త సూది ఇంకా చేతిలోనే ఉంది.

ఆ రాత్రి నుంచి లాంపు రూంలో ‘టక్‌’మన్న చప్పుడు ఎవరూ వినలేదు. దయ్యం వదిలిందని బస్తీవాళ్లు సంతోషపడ్డారు. సాంబయ్య పాతది అడగడం మానేశాడని వాళ్లకేం తెలుసు? పోశం రక్తం పరీక్షకని వరంగల్లు పోయింది. అనసూర్య చాప విడిగా వేసుకుని, పిల్లను కరుచుకుని, ఆ పరీక్ష కాయితం కోసం చూస్తూ ఉంది.